బతుకమ్మ నాటికి పూసే దుంపలు, వాటికి తోడుగా మన గడ్డి

పెరట్లో బంతి, చేమంతి కాకుండా, ఒకసారి దుంప పెడితే ఏటేటా బతుకమ్మ రోజులకు పూసేవి ఏమన్నా ఉన్నాయా అని చాలామంది అడుగుతున్నారు. ఉన్నాయి. మా ఇల్లు జనగామలో, తల్లిగారిల్లు మహబూబాబాద్ దగ్గర, అక్క వాళ్లది భూపాలపల్లి. నాలుగేళ్ల నుంచి మూడు పెరళ్లలోనూ అవే దుంపలు పెడుతున్నాం. ఏది బతికింది, ఏది కుళ్లింది, ఎక్కడ భయపడ్డాం అన్నీ చెప్తాను. దుంప పెట్టే పద్ధతి వీడియోలో చూడండి, లెక్కలు ఇక్కడ రాసుకోండి.

ముందు నా తప్పు

మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కుంకుమపువ్వు దుంపలు తెప్పించాను. నాలుగు ఆకులు వచ్చి ఎండిపోయినయ్, పువ్వు మాత్రం రాలేదు. తప్పు దుంపది కాదు. కాశ్మీర్‌లో పాంపోర్ పొలాల్లో అది అక్టోబరు, నవంబరు నెలల్లో పూస్తుంది. పూమొగ్గ నేల చీల్చుకొని రావాలంటే దానికి చల్లదనం తగలాలి. మన దగ్గర ఆ చలి ఎక్కడిది? మన దుంపను నిద్ర లేపేది తొలకరి వాన. వానకు లేచి, వాన తగ్గేసరికి పూసి, ఎండకు నేలలో పడుకునే దుంపలే మనకు కావాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే డబ్బులు దండగ కావు.

మూడు దుంపలు

1. నేలసంపెంగ. పూల మార్కెట్‌లో లిల్లీ అంటారు. పుట్టిల్లు మెక్సికో అయినా మన ఎండకు బాగా అలవాటు పడింది. నాటిన మూడు నెలలకు అటు ఇటుగా పూత మొదలవుతుంది. జూన్ రెండో వారంలో పెడితే సెప్టెంబరు ఆఖరుకు కాడ వస్తుంది. 2 సెంటీమీటర్ల మందం ఉన్న గట్టి దుంపలు ఏరుకోండి. 5 సెంటీమీటర్ల లోతు, దుంపకూ దుంపకూ జానెడు దూరం చాలు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రజ్వల్ రకం దండలకు బాగుంటుంది.

2. తెల్ల వాన లిల్లీ. ఉల్లికాడ లాంటి సన్నటి ఆకులు. మంచి వాన పడ్డ కొద్ది రోజులకే పూస్తుంది, వానకాలం చివరిదాకా విడతలు విడతలుగా వస్తుంది. గట్టు అంచుకు పెట్టుకోండి. దీని గడ్డ కూడా తినేది కాదు.

3. అడవినాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. అచ్చంగా మన అడవుల తీగ. ఆకు కొసలతోనే కంచెను పట్టుకొని ఎక్కుతుంది. పసుపు, ఎరుపు కలిసిన పువ్వు మంట లాగ ఉంటుంది. దుంప వంకరగా, రెండు వేళ్లు కలిపినట్టు ఉంటుంది. మొలక కన్ను వేలి కొసకే ఉంటుంది, కొస విరిగితే ఆ వేలు మొలవదు. అడవిలో తవ్వి తేకండి, పెంచేవాళ్ల దగ్గర కొనండి. ఇది నిలువెల్లా విషం, ఆ సంగతి కింద చెప్తాను.

బీజామృతం ఇలా

నీళ్లు 4 లీటర్లు, ఆవుపేడ 1 కిలో, ఆవు మూత్రం 1 లీటరు, సున్నం 10 గ్రాములు, గట్టు మట్టి చిటికెడు కలిపి ఒక రాత్రి ఉంచాలి. పొద్దున దుంపల్ని ముంచి తీసి, నీడలో ఆరబెట్టి అదే రోజు నాటండి. నానబెట్టొద్దు.

గడ్డి ఎందుకు?

మన దుంపను చంపేది నిలిచిన నీళ్లు. అక్క వాళ్ల పెరట్లో ఇదే జరిగింది. భూపాలపల్లి వైపు వాన ఎక్కువ, వాళ్లది నల్లమట్టి. మొదటి ఏడాది 40 నేలసంపెంగ దుంపలు పెడితే ఆగస్టుకు 31 కుళ్లినయ్. మరుసటి ఏడు అడుగు ఎత్తు మడి కట్టి, మూడో వంతు ఇసుక కలిపి, పల్లం వైపు వట్టివేరు వరుస పెట్టాం. పిలకకూ పిలకకూ 15 సెంటీమీటర్లు. వట్టివేరు వేరు పక్కకు పాకదు, రెండు మూడు మీటర్లు నిట్టనిలువున దిగుతుంది. అందుకే దుంప జోలికి పోదు, మడి మట్టి వానకు కొట్టుకుపోకుండా పట్టుకుంటుంది. ఆ ఏడు నాలుగు దుంపలే పోయినయ్.

మా జనగామ చల్కలో కథ వేరే. నీళ్లు నిలవవు, వారం వాన పడకపోతే మట్టి పెళుసైపోతుంది. ఇక్కడ ఎత్తు మడి వద్దు, నేల మట్టానికే నాటాలి. వట్టివేరు ఆకును మోకాలి ఎత్తుకు కోసి మడి మీద పరిస్తే అదే ఆచ్ఛాదన. మహబూబాబాద్‌లో అమ్మ పెరడు సగం ఎర్ర, సగం నల్ల. ఎర్ర వైపు నేల మట్టానికి, నల్ల వైపు ఎత్తు మడి మీద పెట్టాం.

శరత్తులో తెల్లగా ఊగే రెల్లు కూడా కావాలనిపిస్తుంది. పెరట్లో మాత్రం వద్దు. గాలికి గింజ, నేలలో వేరు, రెండు దారులా పాకుతుంది. కాళేశ్వరం వైపు గోదావరి ఇసుకలోనే దానికి అందం. గరికను కూడా దుంపల మడిలోకి రానివ్వకండి. తుంగ, వాన లిల్లీ పక్కపక్కన ఉంటే కలుపు తీసేటప్పుడు పొరపాటు పడతాం. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు అంచులు తగిలితే అది తుంగ.

శివరాత్రి ముందు వచ్చిన ఫోన్

అడవినాభి పూత అయ్యాక చలికాలానికి తీగ ఎండిపోతుంది, దుంప నేలలోనే ఉంటుంది. అమ్మ దగ్గర పెట్టిన చోట నేను గుర్తు పెట్టలేదు. శివరాత్రికి ముందు పెరడు తవ్వుతుంటే దొరికినయట. ఫోన్ చేసి, "బిడ్డా, కంచె కింద సన్నటి కందగడ్డలు ఎల్లినయ్, ఉపాసానికి వీటిని గూడ ఉడకబెడుదునా?" అన్నది. నా చేతిలో చెంబు జారిపోయింది. అమ్మ అడగకుండా ఉడకబెట్టి ఉంటే?

ఈ దుంపలో కోల్చిసిన్ అనే విషం ఉంది. ఉడికించినా నమ్మడానికి లేదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలై, తర్వాత లోపలి అవయవాలే దెబ్బతింటాయి. ఇంట్లో విరుగుడు లేదు. అనుమానం వస్తే వెంటనే 108కి ఫోన్ చేసి, మిగిలిన దుంప ముక్క కూడా ఆసుపత్రికి పట్టుకుపోండి. ఇప్పుడు మా పెరట్లో నాభి ఉన్నచోట ఎర్ర రంగు వేసిన రాయి ఉంటుంది, ఇంటిల్లిపాదికీ తెలుసు. దుంప ముట్టేటప్పుడు చేతికి తొడుగు, తర్వాత సబ్బుతో కడుక్కోవడం. చిన్నపిల్లలు, మేకలు తిరిగే పెరడైతే నాభి వద్దే వద్దు, మిగతా రెండూ చాలు.

ఏ నెలలో ఏం పని

జూన్: మడి తయారీ, బీజామృతం, నాటడం, వట్టివేరు పిలకలు.
జూలై, ఆగస్టు: 15 రోజులకోసారి పది రెట్ల నీళ్లలో కలిపిన జీవామృతం, కలుపు, నీళ్లు పోయే కాలువ.
సెప్టెంబరు, అక్టోబరు: పూలు.
నవంబరు నుంచి: ఆకు పచ్చగా ఉండగా కోయొద్దు. అది పండి ఎండేదాకా దుంపకు తిండి పెడుతుంది. కోస్తే వచ్చే ఏటి పువ్వును కోసినట్టే.

పోయిన ఏడు సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు కొనుక్కొచ్చాం. పత్తి చేన్లలో కలుపు మందు కొట్టడం మొదలయ్యాక గునుగు దొరకడమే కష్టమైంది. కానీ పైన పెట్టిన నేలసంపెంగ మా మడిలోదే. ఈ ఏడు వట్టివేరు వరుసకు అవతల గునుగు గింజ కూడా చల్లుతున్నా. మీరు పది దుంపలతో మొదలుపెట్టండి. ముందు మీ మట్టిలో జానెడు గుంత తీసి నీళ్లు పోసి చూడండి. గంటలో ఇంకితే నేల మట్టానికి నాటండి, నిలిస్తే ఎత్తు మడి కట్టండి.