గేమ్ కంట్రోలర్ చేతికి నప్పిందా?

ఎక్స్‌బాక్స్ కొన్నా ప్లేస్టేషన్ కొన్నా పెట్టెలో మామూలుగా వచ్చేది ఒక్క కంట్రోలరే. ఇంట్లో పిల్లలు ఇద్దరు. శనివారం పాట్‌లక్‌కి వచ్చే స్నేహితుల పిల్లలు ఇంకో నలుగురు. కన్సోల్ కంపెనీ అమ్మే రెండో కంట్రోలర్ అమెరికాలో అరవై డాలర్ల పైమాటే కాబట్టి, అందులో సగం ధరకి దొరికే వేరే కంపెనీ సరుకు మీదకి మనసు పోతుంది. దీన్నే థర్డ్ పార్టీ కంట్రోలర్ అంటున్నాం. అది ఎప్పుడూ ఇంట్లో చిన్నవాడి చేతికో, చుట్టపుచూపుగా వచ్చినవాడి చేతికో వెళ్తుందనీ, ఓడిపోయినవాడు నేరమంతా దాని మీదకి తోస్తాడనీ వేరే చెప్పక్కర్లేదు.

ఆ నేరం ఒక్కోసారి నిజం కూడా. ఎప్పుడు నిజమో ఎలా తేల్చుకోవాలో ఇప్పుడు చూద్దాం.

రివ్యూల్లో "కంఫర్టబుల్‌గా ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. వేళ్ళు ఏ బటనూ నొక్కనప్పుడు చెయ్యి ఎంత కష్టపడుతోంది? ఇది సౌకర్యం. వేలు ఏదైనా చేసినప్పుడు ఆ వస్తువు ఏమని జవాబిస్తోంది? ఇది ఫీల్. మొదటిది కొలవడానికి మీ చెయ్యి తప్ప వేరే పరికరం లేదు. రెండోదాన్ని మాత్రం చాలావరకు నాలుగు లైన్ల కోడ్ రాసి చూడొచ్చు.

సౌకర్యం సంగతి ముందు చూద్దాం. 2001లో మైక్రోసాఫ్ట్ మొదటి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన కంట్రోలర్ చాలా పెద్దది, దాన్ని "డ్యూక్" అంటారు. జపాన్ కోసమని చిన్నది ఒకటి తయారుచేసి, 2002లో అమెరికాలో కూడా దాన్నే ఇవ్వడం మొదలుపెట్టారు. అంత పెద్ద కంపెనీ కూడా చేతి కొలత సరిగ్గా పట్టుకోలేకపోయిందన్నమాట. అయితే అదే డ్యూక్‌ని 2018లో హైపర్‌కిన్ అనే కంపెనీ మళ్ళీ తయారుచేసి అమ్మితే కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. కాబట్టి అందరి చేతికీ నప్పే కంట్రోలర్ అంటూ ఉండదు. మీ అబ్బాయి కోసం కొంటుంటే పట్టుకుని చూడాల్సింది మీ అబ్బాయే, మీరు కాదు.

ఇక పరీక్ష. ఆడే భంగిమలో కంట్రోలర్‌ని పట్టుకుని బొటనవేళ్ళు రెండూ పైకెత్తండి. చూపుడు వేళ్ళు ట్రిగ్గర్ల మీద ఊరికే ఆనించండి. బరువంతా మిగిలిన మూడు వేళ్ళ మీద, అరచేతి మీద నిలవాలి. అది ముందుకు వాలిపోతుంటే చిటికెన వేలు తనకి తెలియకుండానే బిగుసుకుంటుంది. ఐదు నిమిషాల్లో ఇది తెలియదు, నలభయ్యో నిమిషంలో తెలుస్తుంది. బరువు ఎక్కువైనంత మాత్రాన తప్పు కాదు. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ సుమారు 210 గ్రాములు, ప్లేస్టేషన్ 5ది సుమారు 280. బరువు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. తర్వాత కుడి బొటనవేలిని స్టిక్ మీంచి అన్నిటికన్నా పైనున్న బటన్‌కి పోనివ్వండి. అలా వెళ్ళినప్పుడు అరచేయి కంట్రోలర్‌ని వదిలేస్తోందంటే అది ఆ చేతికి పెద్దదనే అర్థం.

షాపులో మెత్తగా, వెల్వెట్‌లా తగిలే రబ్బరు పూత చూసి ముచ్చటపడకండి. వేడికీ తేమకీ ఆ పూతలు కొన్నేళ్ళలో జిగురుగా మారతాయి. హ్యూస్టన్‌లోనో, దుబాయిలోనో, కౌలాలంపూర్‌లోనో ఉండేవాళ్ళు మరీ జాగ్రత్త. గరుకు ప్లాస్టిక్ చూడ్డానికి బాగుండకపోయినా మన్నుతుంది.

ఇంత చాదస్తం ఎందుకని అడగొచ్చు. 1990లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వైద్యుడి లేఖ వచ్చింది. ఆగకుండా ఐదు గంటలు నింటెండో ఆడిన ఒకావిడకి బొటనవేలి స్నాయువు నొప్పి పట్టుకుంది. ఆయన దానికి "నింటెండినైటిస్" అని పేరు పెట్టాడు. మనం పగలంతా కీబోర్డు, మౌస్ మీద అరగదీసేవి కూడా ఆ చేతి స్నాయువులే. రాత్రి పిల్లలతో ఆడే ఆ గంట వాటికి ఓవర్‌టైమ్. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి పుడుతుంటే కంట్రోలర్ మార్చే ముందు ఆట ఆపండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు ఫీల్. బటన్ల సంగతి కీబోర్డులు తెలిసినవాళ్ళకి సులభంగా అర్థమవుతుంది. కన్సోల్ కంపెనీల మామూలు కంట్రోలర్లలో బటన్ల కింద రబ్బరు గుబ్బలుంటాయి. ఖరీదైన థర్డ్ పార్టీ వాటిలో కొన్నిట్లో మౌస్‌లో ఉన్నట్టు మైక్రోస్విచ్‌లు పెడతారు. టిక్కుమని పొట్టిగా నొక్కుకుంటాయి. పక్క గదిలో చంటిపిల్ల నిద్రపోతుంటే ఆ శబ్దం ఎంతో మీకే తెలుస్తుంది. ఇష్టాయిష్టాలే తప్ప ఇందులో హెచ్చుతగ్గులు లేవు.

అసలు కథంతా స్టిక్‌లో ఉంది. మామూలు స్టిక్‌లో పొటెన్షియోమీటర్ ఉంటుంది, అంటే కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ కదిలే లోహపు ముక్క. అరిగేకొద్దీ వదిలేసినా స్టిక్ సున్నా దగ్గర నిలవదు, ఆటలో బొమ్మ తనంతట తనే నడిచిపోతుంది. దానికి విరుగుడుగా ఇప్పుడు చాలా థర్డ్ పార్టీ పెట్టెల మీద "హాల్ ఎఫెక్ట్" అని పెద్దక్షరాలతో వేస్తున్నారు. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సూత్రమే అది. అయస్కాంతం కదలికని సెన్సర్ తాకకుండానే గుర్తిస్తుంది. సెగా 1998లోనే డ్రీమ్‌కాస్ట్‌లో వాడింది. మంచిదే, అరుగుదల తగ్గుతుంది. కానీ ఆ ముద్ర మన్నికకే, ఫీల్‌కి కాదు. స్ప్రింగ్ బిగువు, ఫర్మ్‌వేర్ లెక్కలు వేరే సంగతి.

వాటిని బయటపెట్టడానికి బ్రౌజర్ చాలు. కంట్రోలర్‌ని కంప్యూటర్‌కి తగిలించి, ఏదో ఒక బటన్ నొక్కి, జావాస్క్రిప్ట్‌లో గెట్‌గేమ్‌ప్యాడ్స్‌ని పిలిచి, యాక్సిస్ విలువల్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ తెరమీద ప్రింట్ చెయ్యండి. అవి -1 నుంచి 1 దాకా ఉంటాయి. స్టిక్‌ని అన్ని వైపులా లాగి వదిలి, ఎక్కడ ఆగుతోందో చూడండి. 0.05 లోపు ఉంటే నేను పట్టించుకోను. కొత్తదే 0.1 దాటితే వెనక్కి పంపెయ్యడమే.

అంతకన్నా ముఖ్యమైన పరీక్ష ఇంకోటుంది. స్టిక్‌ని వీలైనంత నెమ్మదిగా పక్కకి నెట్టండి. అంకె 0.01, 0.02 అంటూ పెరగాలి. సున్నా దగ్గర కదలకుండా ఉండి ఒక్కసారిగా 0.15కి గెంతిందంటే, తయారుచేసినవాడు లోపాలు కప్పిపుచ్చడానికి ఫర్మ్‌వేర్‌లోనే డెడ్ జోన్ పెట్టాడన్నమాట. స్టిక్ కొంచెం అటూ ఇటూ ఆగితే ఆటలు ఎలాగూ సర్దుకుంటాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్‌లో ఎడమ స్టిక్‌కి సూచించిన డెడ్ జోనే 32767లో 7849, అంటే దాదాపు 24 శాతం. కానీ కంట్రోలరే మింగేసిన చిన్న విలువల్ని ఏ ఆట సెట్టింగూ తిరిగి తేలేదు. గురి చూసేటప్పుడు గీత గెంతుతోందని మీ అబ్బాయి చేసే ఫిర్యాదు చాలాసార్లు ఇదే.

"1000 హెర్ట్జ్" అన్న ముద్రకి అంత విలువ ఇవ్వక్కర్లేదు. 125 నుంచి 1000కి వెళ్తే సగటున మిగిలేది మూడున్నర మిల్లీసెకన్లు. 60 ఫ్రేముల ఆటలో ఒక్క ఫ్రేమే దాదాపు 16.7 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్ పెట్టని టీవీ అంతకన్నా ఎక్కువ మింగగలదు. ముందు దాన్ని ఆన్ చెయ్యండి, దానికి ఖర్చు లేదు.

కొనే ముందు లైసెన్సు ఉందో లేదో చూడండి. 2023 చివర్లో ఎక్స్‌బాక్స్, అనుమతి లేని కంట్రోలర్లని ఒక సిస్టమ్ అప్‌డేట్‌తో ఆపేసింది. అప్పటిదాకా పనిచేసినవి బొమ్మలయ్యాయి.

కొన్నాక ఆ వారంలోనే, బాగా అలవాటైన ఆట ఒకటి పెట్టి, గంటసేపు ఆడి చూడండి. కొత్త ఆటతో అయితే తప్పు ఆటదో కంట్రోలర్‌దో తేలదు. ఇండియాకి మేనల్లుడి కోసం పట్టుకెళ్తున్నదైతే, బహుమతి పెట్టె విప్పడం బాగుండదనిపించినా విప్పి ఆ స్టిక్ పరీక్ష చేసెయ్యండి. విజయవాడ నుంచి దాన్ని వాపసు చెయ్యడం కుదరదు.