కళాకారునికి పని పురమాయించుట
(పంచాయతీ సభ్యులకు పాఠము)

పంచాయతీ భవనమునకు సున్నము వేయించునపుడును, బడికి బల్లలు చేయించునపుడును సభ్యులు మేస్త్రీనో వడ్రంగినో పిలిచి, కొలతలు చెప్పి, కూలి నిర్ణయించి, కొంత సొమ్ము బయానాగా ఇచ్చి పని అప్పగించుట అందరెరిగినదే. ఇదే పద్ధతిని చిత్రకారుని విషయమునను కథకుని విషయమునను అవలంబింపవచ్చునన్న ఊహ మాత్రము మనకు త్వరగా తట్టదు. కళాకారునికి శాలువ కప్పుట, నూటపదహార్లు సమర్పించుట మన యూళ్లలో వాడుక. పని చెప్పి చేయించుకొనుట అరుదైపోయినది. దీనికి ఆంగ్లమున కమిషను అని పేరు. మనవారికి ఆ మాట వినగానే దళారి పుచ్చుకొను రుసుము తోచును గనుక, ఇచట పురమాయింపు అను పాత మాటనే వాడుదము.

పురమాయింపు ఉన్నంతకాలము ఒక కళ ఎట్లు బ్రతికెనో, అది తగ్గినపుడు ఎట్లు క్షీణించెనో, ప్రభుత్వ సంస్థలు మరల పని కల్పించిన పిమ్మట ఎంతవరకు నిలిచెనో తెలిసికొనుటకు చేర్యాల పటములు మంచి నిదర్శనము.

చేర్యాల పూర్వము వరంగల్లు జిల్లాలో నుండెను. 2016లో సిద్దిపేట జిల్లాలో చేరినది. ఇచ్చటి నకాషీ చిత్రకారులు గుడ్డపై కథలు చిత్రించుదురు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు మొదలైనవి కలిపి పలుమారులు పూసి, ఆరబెట్టి, ఎఱ్ఱని రంగు నేపథ్యముగా బొమ్మలు దిద్దుదురు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 30, 40 అడుగులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. కథలోని ఘట్టములు ఒకదాని క్రింద నొకటిగా అడ్డపట్టీలలో నుండును. కథకుడు చుట్టను విప్పుకొనుచు, ఘట్టము తరువాత ఘట్టమును చూపుచు, రాత్రుల తరబడి కథ చెప్పును.

ఈ పటము అంగడిలో అమ్ముటకు వ్రాసినది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారు, గౌడులకు గౌడ పురాణము చెప్పు గౌడజెట్టివారు, మాదిగలకు జాంబ పురాణము చెప్పు డక్కలివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పు కాకిపడగలవారు – వీరందరును నకాషీ యింటికి పోయి తమ కథకు తగిన పటమును పురమాయించెడివారు. ఏ ఘట్టము ముందు, ఏది తరువాత అన్నది కథకునకు తెలియును. ఏ దేవతకు ఏ రంగు, ఏ పాత్రకు ఏ వేషము అన్నది చిత్రకారునకు తెలియును. ఇరువురి తెలివియు కలిసిన గాని పటము పూర్తి కాదు. సిద్ధమైన పటమును పూజచేసి స్వీకరించుట, జీర్ణించిన పటమును నీట కలుపుట ఆచారము. పాతది నీట కలిసిన పిమ్మట కొత్తది వ్రాయింపక తప్పదు గదా. ఈ ఆచారమున భక్తి యెంత కలదో చిత్రకారుని జీవనోపాధియు అంత కలదు.

ఇందు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. చిత్రకారునకు సొమ్ము ఇచ్చినవాడు కథకుడు. కథకునకు ధాన్యమో రొక్కమో ఇచ్చినది ఊరిలోని కులస్థులు. అనగా పటమునకు అసలు యజమాని ఊరే. సినిమాయు, ఆ పిమ్మట టెలివిజనును వచ్చి, ఊరు కథకుని పిలుచుట మానగా, కథకుడు పటము పురమాయించుట మానెను. చిత్రకారుని చేతిలో నేర్పు తరుగలేదు, పిలుపు తరిగెను. పలు కుటుంబములవారు వేరు పనులు చూచుకొనిరి. కొద్దిమంది మాత్రమే కుంచె విడువలేదు.

ఆ దశలో చేయూత నిచ్చినవి హస్తకళల సంస్థలు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ ఈ చిత్రకారులకు కొత్త గిరాకి చూపినవి. పట్టణములలోని లేపాక్షి విక్రయశాలలు, 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన తరువాత గోల్కొండ విక్రయశాలలు వీరి వస్తువులను కొని అమ్మినవి. పట్టణపు ఇంటి గోడకు 40 అడుగుల పటము పట్టదు. కావున ఒకటి రెండు ఘట్టములు గల చిన్న చిత్రములు, రంపపు పొట్టుతోను చింతగింజల ముద్దతోను చేసిన ముఖములు, బొమ్మలు ఎక్కువగా తయారైనవి. దనాలకోట వైకుంఠం వంటి చిత్రకారులు జాతీయ పురస్కారము నందిరి. ఈ శతాబ్దపు మొదటి దశకమున చేర్యాల పటములకు భౌగోళిక గుర్తింపును లభించినది. గుర్తింపు పేరును కాపాడును. పని కల్పించుట దాని వంతు కాదు.

ఈ సహాయమును తక్కువగా చూడరాదు. అది లేకున్న నేడు ఆ ఎఱుపును, ఆ కన్నులను దిద్దగలవారు మిగిలియుందురో లేదో. అయినను ఒక లోటు మిగిలినది. సంస్థలు చిత్రకారునకు కొనుగోలుదారుని చూపినవి గాని కథకునకు శ్రోతలను చూపలేకపోయినవి. చేయి నిలిచినది, నోరు మూగవోయినది. ఘట్టములు విడివిడిగా అమ్ముడుపోవుచుండగా, వానిని వరుసగా చెప్పగల వృద్ధులు తగ్గిపోవుచున్నారు. ఈ లోటును తీర్చుట దూరపు కార్యాలయమునకు సాధ్యమగునది కాదు, ఊరికే సాధ్యము.

పురమాయించు విధమును బట్టి కళ పెరుగుటయు విరుగుటయు కలదని బీహారులోని మిథిల చిత్రముల చరిత్రయు తెలుపుచున్నది. 1966–67 నాటి అనావృష్టి కాలమున హస్తకళల బోర్డు పక్షమున భాస్కర్ కులకర్ణి మధుబని ప్రాంతమునకు పోయి, గోడలపై బొమ్మలు వేయు స్త్రీలచేత కాగితముపై వేయించెను. కరవు పనిగా మొదలైనది జీవనాధారమైనది. జితవార్‌పూర్ గ్రామమునకు చెందిన జగదంబా దేవికి 1975లో పద్మశ్రీ లభించెను. కాని వెనువెంటనే వర్తకులు దిగి, అమ్ముడుపోవు నాలుగు బొమ్మలనే వందలకొలది త్వరగా వేయుడనిరి; ధర తక్కువ, పని నాసి. అపుడు రేమండ్ ఓవెన్స్ అను అమెరికా పరిశోధకుడు తగిన ధర యిచ్చి, మీకు తోచిన కథను తీరికగా వేయుడని కోరెను. 1977లో చిత్రకారుల సంఘమొకటి ఏర్పడుటకును ఆయన తోడ్పడెను. వర్తకుడును ఆయనయు ఇద్దరును పని చెప్పినవారే. తేడా చెప్పిన తీరులో నున్నది.

ఇక మన పంచాయతీల మాట. మీ యూరికి పటము చూపి కథ చెప్పెడివారు పూర్వము వచ్చెడివారేమో ముందుగా వృద్ధుల నడుగుడు. ఆ కుటుంబము జాడ దొరికినచో, పటమును ఒక్క చిత్రకారునకే కాక, కథకునకును చిత్రకారునకును కలిపి పురమాయించుట మేలు. కథకుని జాడ తెలియనపుడు తంజావూరు, నాగపూరులలోని మండల సాంస్కృతిక కేంద్రములకు వ్రాసి అడుగవచ్చును. 1985–86లో దేశమున ఏడు కేంద్రములు నెలకొల్పబడెను; ఈ రెండింటి పరిధిలోను తెలుగు రాష్ట్రములు కలవు.

ఖర్చుకు పంచాయతీ నిధి వాడవచ్చునా, దాతల చందా పోగుచేయవలెనా అనునది కార్యదర్శితో ముందే తేల్చుకొనుడు. పిమ్మట గ్రామసభలో తీర్మానము చేసి, కథ పేరు, పటము కొలత, మొత్తము సొమ్ము, గడువు వ్రాతలో పెట్టవలెను. గుడ్డ, రంగుల ఖర్చును పని ఆరంభమునకు ముందే ఇయ్యవలెను. చిత్రకారుడు అప్పు చేసి మన పటము వ్రాయుట న్యాయము కాదు. తక్కినది సగము పని కాగానే కొంత, పటము చేతికి వచ్చినపుడు కొంత. పూతలు ఆరుటకు ఎండ కావలెను గనుక ముసురు రోజులలో తొందర పెట్టరాదు. మోరీకి టెండరు పిలిచినట్లు తక్కువ ధర పాడినవానికి పని ఇచ్చుట ఇక్కడ పనికిరాదు; తక్కువ ధరకు తక్కువ పూతలే పడును, నాలుగేండ్లలో రంగు పెచ్చులూడును.

కథ ఊరిది, కల్పన చిత్రకారునిది. మధ్యలో సభ్యుల ముఖములు చొప్పింపుమని కోరకుందురు గాక! (అట్టి కోరిక ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి కలుగుననియే ముందుగా వ్రాయుచున్నాము.) పటము చివర వ్రాసిన చేయి పేరు, చెప్పిన నోరు పేరు, సంవత్సరము ఉండవలెను.

పటము వచ్చిన తరువాత దానిని అద్దములో బిగించి సర్పంచి గదిలో తగిలించినచో మరల పాత కథయే అగును. చెమ్మ తగులని చోట వెదురు బొంగునకు చుట్టి ఉంచుడు. కథ చెప్పించు రాత్రులు ఏ నెలలో, కథకునకు ఇచ్చు సంభావన ఎంత, బడిపిల్లలను పిలుచుకొని వచ్చు పూచీ ఎవరిది అను మూడు సంగతులను కూడ ఆ మొదటి తీర్మానములోనే వ్రాయించుడు.