చక్రాల కుర్చీ: చేతులకు విశ్రాంతి ఎప్పుడు?

కాళ్లు చచ్చుబడిన వ్యక్తికి చేతులే కాళ్లు. చక్రాన్ని తోసేది ఆ చేతులే. మంచం మీదినుండి కుర్చీలోకి, కుర్చీలోనుండి మరుగుదొడ్డి పీట మీదికి శరీరాన్ని ఎత్తి మార్చేదీ ఆ చేతులే. అన్నం కలుపుకొనేది, కలం పట్టేది, బిడ్డను ఎత్తుకొనేది కూడా అవే. అందువల్ల భుజం చెడిపోతే అటువంటి వ్యక్తికి కలిగే నష్టం నడిచే మనిషికి కలిగే భుజం నొప్పి వంటిది కాదు. అంతవరకు తన పనులు తాను చేసుకుంటున్న వ్యక్తి ఒక్కసారిగా ఇతరుల మీద ఆధారపడవలసి వస్తుంది.

చేతితో తోసుకొనే కుర్చీనుండి విద్యుత్తుతో నడిచే కుర్చీకి ఎప్పుడు మారాలి అనే ప్రశ్నను అనేక కుటుంబాలు ఓటమికి సంబంధించిన ప్రశ్నగా భావిస్తాయి. “ఇంకా తోసుకోగలుగుతున్నాడు కదా, ఇప్పుడే మోటారు ఎందుకు?” అంటారు. నిజానికి తోసుకోగలడా లేదా అన్నది చూస్తే చాలదు. తోసుకొని చేరిన తరువాత ఆ చేతుల్లో ఏపాటి బలం మిగులుతున్నదో చూడాలి. ఈ పాఠంలో దానిని కొలుచుకొనే విధానాన్ని తెలుసుకుందాం.

భుజసంధి స్వభావం

శరీర భారాన్ని మోయటానికి ఏర్పడినది తుంటికీలు. దాని గుంట లోతైనది. భుజసంధి గుంట లోతు తక్కువ. చేతిని అన్ని దిక్కులకూ తిప్పటానికి అనువుగా ఉండటం కోసం ప్రకృతి దానిని అలా ఏర్పరచింది. ఆ కీలును పట్టి ఉంచే భారం చాలావరకు దాని చుట్టూ ఉన్న 4 కండరాల స్నాయువుల మీద పడుతుంది. చక్రాన్ని రోజుకు వందలసార్లు తోసినప్పుడు, రెండు చేతుల మీద దేహాన్ని పైకెత్తినప్పుడు, ఈ స్నాయువులు ఎముకల నడుమ నలుగుతాయి. క్రమంగా వాపు, అరుగుదల, చివరకు చీలిక ఏర్పడవచ్చు. మణికట్టులోని నాడి నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కటం కూడా వీరిలో తరచుగా కనిపిస్తుంది.

ఆయుర్వేదంలో అపబాహుకమనే వ్యాధి వర్ణన ఉంది. భుజంలో చేరిన వాతం అక్కడి బంధనాలను శుష్కింపజేసి చేతి కదలికను హరిస్తుందని దాని సారాంశం. వాత ప్రకోపానికి చెప్పిన కారణాల్లో అతివ్యాయామం ఒకటి. చికిత్సలో మొదటి మెట్టు నిదాన పరివర్జనం, అంటే వ్యాధికి కారణమైన దానిని విడిచిపెట్టటం. రాత్రి మహానారాయణ తైలంతో మర్దన చేసి, వావిలాకుతో కాపడం పెట్టి, తెల్లవారగానే అదే భుజంతో మళ్లీ కిలోమీటరు దూరం చక్రం తోస్తే ఆ తైలం ఏం చేయగలదు? నొప్పిని కొంత ఉపశమింపజేయగలదే గాని కారణాన్ని తొలగించలేదు.

శాస్త్రం చెప్పిన కొలత

వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యను వివరిస్తూ, బలవంతుడు సైతం చలికాలంలోను, వసంతంలోను తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, తక్కిన కాలాల్లో అంతకంటే తక్కువ చేయాలని విధించాడు. ఆ సగానికి గుర్తును సుశ్రుతుడు చెప్పాడు. నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు అర్ధశక్తి వినియోగమైనట్లే.

ఈ సూత్రాన్ని చక్రాల కుర్చీకి అన్వయించుకోవచ్చు. కార్యాలయానికి తోసుకుంటూ చేరిన వ్యక్తి నోటితో రొప్పుతూ, అరగంటదాకా కలం పట్టలేకపోతే అతడు పనికి చేరినట్లే గాని పని చేయటానికి చేరినట్లు కాదు. ఉదయం బజారుకు వెళ్లి వచ్చిన గృహిణి సాయంత్రం మంచం మీదికి తనంతట తాను మారలేకపోతే ఆమె శక్తి సగం గీతను దాటినట్లే.

వారం రోజుల లెక్క

నిర్ణయానికి ముందు ఒక చిన్న పుస్తకంలో 7 రోజులపాటు ప్రతి సాయంత్రం ఈ వివరాలు రాసుకోవాలి.

1. భుజం, మోచేయి, మణికట్టులలో నొప్పి ఎంత? సున్నానుండి 10 వరకు అంకె వేయాలి. రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వచ్చిందేమో రాయాలి.
2. కుర్చీలోనుండి మరొక చోటికి ఎన్నిసార్లు మారారు? చివరిసారి మారటం మొదటిసారి కంటే కష్టమైందా?
3. ఎంత దూరం తోసిన తరువాత నోటితో ఊపిరి తీయవలసి వచ్చింది?
4. వెళ్లాలని ఉండీ మానుకున్న చోటు ఏది?

వీటిలో నాలుగవది అతి ముఖ్యమైనది. పెళ్లికి వెళ్లలేదు, గుడికి వెళ్లలేదు, పక్కవీధిలోని చెల్లెలి ఇంటికి వెళ్లలేదు అని ఆ గడి నిండుతూ ఉంటే, కుర్చీ ఆ వ్యక్తిని తిప్పటం మాని ఇంట్లో కట్టివేస్తున్నదని అర్థం.

ముందు ఉన్న కుర్చీని సరిచూడాలి

కొన్ని సందర్భాల్లో దోషం భుజానిది కాదు, కుర్చీది. ఆసుపత్రుల్లో రోగులను తీసుకువెళ్లే బరువైన కుర్చీనే ఏళ్ల తరబడి వాడుతూ చేతులు పాడుచేసుకొనేవారు ఉన్నారు. చక్రం పక్కనున్న చేతి వలయం పైభాగాన చేయి ఉంచినప్పుడు మోచేయి 100 నుండి 120 డిగ్రీల కోణంలో వంగాలి. వెనుక చక్రాల ఇరుసు కుర్చీ వెనక్కు పడిపోనంతవరకు వీలైనంత ముందుకు ఉండాలి. టైర్లలో గాలి తగ్గితే తోపుడు భారమవుతుంది. పొట్టిగా, గబగబా తోయరాదు. నిడివిగా, నెమ్మదిగా తోసి, చేతిని వలయానికి దిగువగా జారవిడిచి వెనక్కు తెచ్చుకోవాలి. వెన్నుపాము దెబ్బతిన్నవారి చేతుల సంరక్షణకై 2005లో అమెరికాలో వెలువడిన వైద్య మార్గదర్శకాలు కూడా తోపుల సంఖ్యను, తోసే బలాన్ని తగ్గించటానికే ప్రాధాన్యమిచ్చాయి. ఈ మార్పులతో నొప్పి తగ్గితే మోటారు అవసరం కొన్నేళ్లు వాయిదా పడవచ్చు.

ఎవరు ఆలస్యం చేయరాదు

బాల్యంలో పోలియో సోకినవారు ప్రత్యేకంగా గమనించాలి. మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011లో నమోదైంది. 2014లో పోలియోరహిత ధ్రువీకరణ లభించింది. అంతకు ముందు దశాబ్దాల్లో ఆ వ్యాధికి గురైన పిల్లలు ఇప్పుడు నడివయస్సుకు, అంతకు పైకి చేరారు. కోలుకున్న 15 ఏళ్లకో, 40 ఏళ్లకో కొందరిలో కొత్తగా బలహీనత, తీవ్రమైన అలసట తలెత్తుతాయి. బలహీనమైన కండరాన్ని మరింత శ్రమపెట్టి బలపరుద్దామనుకోవటం వీరి విషయంలో హానికరం. మిగిలిన నాడీకణాలు ఇప్పటికే అదనపు భారాన్ని మోస్తున్నాయి.

కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధులున్నవారు, మెడ భాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారు, ఒక భుజంలో స్నాయువు ఇప్పటికే చీలినవారు కూడా చేతులు పూర్తిగా లొంగిపోయేదాకా వేచి ఉండరాదు.

ఎవరు తొందరపడరాదు

గాయమై కొద్ది నెలలే అయి, వ్యాయామంతో ఇంకా బలం పుంజుకుంటున్నవారు తొందరపడనవసరం లేదు. ఇటీవలే ఆయాసం మొదలైనవారు ముందుగా గుండెను, ఊపిరితిత్తులను పరీక్ష చేయించుకోవాలి. వెన్నుపాము దెబ్బతిన్న వ్యక్తికి చేతుల్లో కొత్తగా తిమ్మిరి, బలహీనత పైకి పాకుతున్నట్లనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. అటువంటి లక్షణాలకు కుర్చీ మార్పు సమాధానం కాదు.

మధ్యేమార్గం

చేతి కుర్చీ లేదా మోటారు కుర్చీ అని రెండే దారులు లేవు. చేతి కుర్చీకి ముందు తగిలించుకొనే మోటారు పరికరాలు వచ్చాయి. మద్రాసు ఐఐటీలో రూపుదిద్దుకొని 2021లో విడుదలైన నియోబోల్ట్ అటువంటిదే. ఇంట్లో చేతితో తోసుకొని, వీధిలో మోటారుతో వెళ్లవచ్చు. అయితే దానికి హ్యాండిల్ పట్టగల చేతులు, నిలకడగా కూర్చోగల నడుము ఉండాలి. అవి లేనివారికి జాయ్‌స్టిక్‌తో నడిచే పూర్తి విద్యుత్ కుర్చీయే తగినది.

ఇల్లు సిద్ధమా?

కొనేముందు టేపు తీసుకొని ఇల్లు కొలవాలి. అన్ని గదుల ద్వారాల వెడల్పును కుర్చీ వెడల్పుతో పోల్చాలి. స్నానాల గది ద్వారం చాలా ఇళ్లలో అన్నింటికంటే ఇరుకు. గడపలు కుర్చీకి పెద్ద అడ్డంకి. ఇంటి గడపను తొలగించటం పెద్దలకు ఇష్టం లేకపోతే దానికి రెండువైపులా చెక్కతో ఏటవాలు బల్ల అమర్చుకోవచ్చు. వాలు ఎత్తుకు 12 రెట్లు పొడవు ఉండాలి. అంటే 6 అంగుళాల మెట్టుకు 6 అడుగుల బల్ల అవసరం. పెద్ద విద్యుత్ కుర్చీ మడవటానికి వీలుకాదు, బరువు 50 కిలోలు దాటవచ్చు. లిఫ్టు లేని మేడమీద కాపురమున్నవారు ఇది ముందే ఆలోచించాలి. రాత్రంతా చార్జింగు చేసే చోటు, బ్యాటరీ మార్చే ఖర్చు, మీ ఊళ్లో మరమ్మతు చేసేవారు ఉన్నారా లేదా అన్నవి కూడా కుర్చీ ధరతోపాటు లెక్కించాలి. అర్హతగలవారు కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం గురించి జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో విచారించాలి.

మార్చిన తరువాత

పాత కుర్చీని అమ్మివేయరాదు. మోటారు చెడినప్పుడు, విద్యుత్తు లేనప్పుడు, కారులో ప్రయాణించేటప్పుడు అదే ఆదుకుంటుంది. శ్రమ తగ్గినందువల్ల బరువు పెరిగే అవకాశం ఉంది కనుక ఆహారాన్ని కొంత తగ్గించి, ఫిజియోథెరపిస్టు చూపిన విధంగా సాగే పట్టీతో భుజం వెనుక కండరాలకు వ్యాయామం చేయాలి. ప్రతి 15 నుండి 30 నిమిషాలకు ఒకసారి ముందుకు వంగి, రెండు నిమిషాలపాటు పిరుదుల మీద ఒత్తిడి తగ్గించుకోవాలి. లేకపోతే పుండ్లు పడతాయి.

నువ్వులనూనె మర్దన రాత్రిపూట చేయటం మంచిది. చేతులకు జిడ్డు ఉండగా చక్రం తోయటంగాని, మంచం మీదికి మారటంగాని చేయరాదు, పట్టు జారుతుంది. స్పర్శ లేని భాగాల మీద వేడి కాపడం ఎన్నడూ పెట్టరాదు. కాలినా తెలియదు.

కుటుంబ సభ్యులకు ఒక మాట. కొనేది మీరైనా నిర్ణయం కుర్చీలో కూర్చునే వ్యక్తిది. “నిన్ను తోయలేక కొంటున్నాం” అని ధ్వనించే మాట కూడా అనరాదు. వారం రోజుల లెక్క పుస్తకాన్ని ముందు పెట్టుకొని, నాలుగవ గడిలో ఉన్న చోట్లకు మళ్లీ ఎలా వెళ్లవచ్చునో కలిసి మాట్లాడుకోవాలి. భుజంలో బలం ఉండగానే మోటారును ఆశ్రయించినవారికి, తమంతట తాము మంచం దిగగల శక్తి మరిన్ని ఏళ్లు నిలిచే అవకాశం ఉంటుంది.