పీపీఓలో పేరు, పింఛనులో పావు వంతు

ప్రశ్న: రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. లింగియాడీహ్‌లో సొంతిల్లు. ఒక్కగానొక్క కొడుకుకి ముప్ఫై నాలుగేళ్లు, బుద్ధిమాంద్యం. కూత విని ఏ బండో చెప్పేస్తాడు గానీ పది నోటుకీ వంద నోటుకీ తేడా తెలీదు. బీపీఎల్ కార్డు లేదని రాష్ట్ర పింఛను ఇవ్వలేదు. మా తర్వాత చూసుకుంటానని మేనల్లుడు అంటున్నాడు. కోర్టు కాగితం కావాలా?
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్)

జవాబు: రాష్ట్ర పింఛను రాలేదని దిగులు పడకండి. అంతకన్నా పెద్ద ఆధారం మీ ఉద్యోగంలోనే ఉంది. వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు, తల్లిదండ్రుల తర్వాత, బతికినంత కాలం ఫ్యామిలీ పెన్షన్ ఇవ్వాలని రైల్వే నిబంధన. పాతికేళ్ల వయోపరిమితి అతనికి అడ్డు కాదు. ఏడో వేతన సంఘం లెక్కన కనీసం నెలకు 9,000, దానిపై కరవు ఉపశమనం (డీఆర్). అబ్బాయి పేర డిపాజిట్ వేసినా భయం లేదు. 2021లో మారిన లెక్క ప్రకారం, అతని ఇతర ఆదాయం మీ చివరి జీతంలో 30 శాతం, దానిపై డీఆర్ కలిపిన మొత్తాన్ని దాటకపోతే చాలు.

అయితే ఇదంతా దానంతటది జరగదు. ముందు మీ పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) తీసి అబ్బాయి పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే, మీరిద్దరూ ఉండగానే, రిటైరైన ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి చేర్పించండి. శాశ్వత వైకల్యమైతే మెడికల్ సర్టిఫికెట్ ఒక్కసారి ఇస్తే సరిపోతుంది. కోర్టు కాగితం అక్కర్లేదు. మేనల్లుణ్ణి గార్డియన్‌గా మీరే నామినేట్ చేయొచ్చు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ ఇచ్చే గార్డియన్ పత్రమూ చెల్లుతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి ఇక్కడ వికలాంగుల పింఛను నెలకు 500 ఇస్తున్నారు. విశాఖలో మా పిన్ని కూతురికి అదే వైకల్యానికి 6,000! వాళ్ల అడ్రసు మీద పెట్టమంటారా?
– ఒక అక్క, లింగియాడీహ్

జవాబు: వద్దమ్మా. తప్పుడు చిరునామా బయటపడితే ఉన్న 500 కూడా పోతుంది. కేంద్రం వాటా 2012 నుంచి 300 దగ్గరే ఆగిపోయింది, అదీ 80 శాతం వైకల్యం ఉన్న బీపీఎల్ వారికే. పైన ఎంత కలపాలన్నది ఆయా రాష్ట్రాల ఇష్టం. ఆంధ్రప్రదేశ్ 2024లో 6,000 చేసింది. తెలంగాణ అంతకు ముందు ఏడాదే 4,016కి పెంచింది. ఛత్తీస్‌గఢ్ 500 ఇస్తోంది.

అడగడానికి మీకు చట్టమే ఆధారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఇతరుల పథకాలకన్నా వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఇక్కడ వృద్ధులకూ 500, మీ తమ్ముడికీ 500. అంటే కనీసం 625 రావాలి. ఆర్థిక స్తోమతను బట్టి అన్న మాట కూడా ఆ సెక్షన్లోనే ఉంది కాబట్టి, ప్రభుత్వం దాన్నే చూపించవచ్చు. అందుకే ఒంటరిగా వెళ్లకండి. బస్తీలో ఇలాంటి కుటుంబాలన్నీ కలిసి కలెక్టరు జన్‌దర్శన్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయండి. తమ్ముడిది బుద్ధిమాంద్యమైతే, ఈలోగా నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో చేర్పించండి. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది.