అంకెలంటే భయపడే పిల్లలకు లెక్కలు చెబుతూ మేము నేర్చుకున్నవి



ఆసుపత్రి పత్రికలో లెక్కల పాఠమేమిటని మీరు అనుకోవచ్చు. ప్రతి సంవత్సరం మచిలీపట్నం, గుడివాడ వైపు కాలేజీల నుండి సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీ చదివే పిల్లలు ఫీల్డ్ వర్క్ కోసం మా దగ్గరకు వస్తుంటారు. మన నర్సింగ్ విద్యార్థినులు సరేసరి. వీరిలో చాలామంది పదో తరగతితోనే లెక్కలకు ఒక దండం పెట్టి ఇటువైపు వచ్చినవారు. తీరా ఇక్కడికి వచ్చాక గణాంక శాస్త్రమనే పేపరు ఎదురవుతుంది. అంకమధ్యమం, మధ్యగతం, ప్రామాణిక విచలనం అనే మాటలు చూడగానే ముఖాలు వాడిపోతాయి. సూత్రాలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు. ఆ తర్వాత ముప్పై మందితో నింపించిన ప్రశ్నావళుల కట్ట పట్టుకొచ్చి, "సార్, దీనికి ఏ టెస్ట్ పెట్టాలి?" అని అడుగుతారు. "అసలు నువ్వు తెలుసుకోవాలనుకున్నదేమిటమ్మా?" అంటే జవాబు ఉండదు.

వారిని తప్పు పట్టి లాభం లేదు. మొదట్లో మేమూ బోర్డు మీద సూత్రం రాసే పాఠం మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ పద్ధతి మానేశాం. కూడికలు, భాగహారాలు కంప్యూటరు చేస్తుంది, ఈ రోజుల్లో ఫోను కూడా చేస్తుంది. అంకె ఎక్కడినుండి వచ్చింది, అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది మాత్రం మనిషే అడగాలి. కాబట్టి ఓ.పి. రిజిస్టరు, బి.పి. చీటీలు, మన ఊళ్ల సంగతులు ముందు పెట్టుకుని పాఠం చెబుతున్నాం. ఆ అంకెలే మీ చేతికీ వస్తాయి గనుక ఈసారి మీకూ చెబుతున్నాం.

సగటు మనిషి ఎక్కడున్నాడు?

ఒక వీధిలో పది ఇళ్లున్నాయనుకోండి. తొమ్మిది కూలీ కుటుంబాలు, ఒక్కొక్కరికి నెలకు 12,000 రూపాయలు. పదో ఇల్లు రొయ్యల చెరువుల ఆసామిది, ఆయనకు నెలకు 3 లక్షలు. సగటు తీస్తే ఇంటికి 40,800 వస్తుంది. ఆ వీధిలో అంత సంపాదించే ఇల్లు ఒక్కటీ లేదు! ఆదాయాలను చిన్న నుండి పెద్దకు వరుసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని చూస్తే 12,000. దానినే మధ్యగతం అంటారు. ఫీజు రాయితీ ఎవరికివ్వాలో చూసే సోషల్ వర్కరు మొదటి అంకెను నమ్మితే ఆ వీధిలో ఎవరికీ రాయితీ దక్కదు. ఈ లెక్క చెప్పాక మధ్యగతం అంటే ఏమిటని మళ్లీ అడిగిన విద్యార్థి మాకు కనబడలేదు.

మన షుగరు రోగులకు చేసే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా ఇలాంటిదే. అది సుమారు రెండు, మూడు నెలల షుగరు ఎలా ఉందో చెప్పే ఒక రకమైన సగటు. చాలా మంచి పరీక్ష. అయితే ఉదయం బాగా పడిపోయి, రాత్రి బాగా పెరిగిపోయే వ్యక్తికి కూడా చూడటానికి చక్కని అంకె రావచ్చు. తెల్లవారుజామున చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే రిపోర్టు బాగుంది కదా అని ఊరుకోకండి. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఒక్క రోజు బి.పి.

పిల్లలతో మేము చేయించే రెండో పని, ఒకే మనిషికి బి.పి. మళ్లీ మళ్లీ చూడటం. మొదటిసారి చూసిన అంకె రెండోసారి రాదు. "మిషను పాడైందా మేడమ్?" అంటారు. మిషను పాడవలేదు. బి.పి. గంట గంటకూ మారుతుంది. మెట్లెక్కి వచ్చినా, టీ తాగినా, పొగాకు వాడినా, డాక్టరును చూసి కంగారు పడినా పెరుగుతుంది. ఉదాహరణకు ఒకరి పై అంకె వారం రోజులు ఇలా ఉందనుకుందాం: 138, 146, 152, 134, 148, 142, 150. సగటు సుమారు 144. నాలుగో రోజు మాత్రమే చూసినవారు "నాకేమీ లేదు" అనుకుంటారు. మూడో రోజు మాత్రమే చూసినవారు హడలిపోతారు. ఏ ఒక్క రోజు అంకె అయినా ఆ మనిషి సంగతి పూర్తిగా చెప్పదు.

ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదని మాకు నేర్పినవారు ఒక పెద్దాయన. చాలాకాలంగా మా దగ్గర బి.పి. మాత్రలు వాడుతున్నారు. ఎక్కడో క్యాంపులో చూపించుకుంటే 120/80 వచ్చింది. తగ్గిపోయిందని సంతోషించి మాత్రలు మానేశారు. మాత్రల వల్లే అది 120 అయిందన్న సంగతి ఆయనకు అక్కడ ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే అంతకుముందు ఆయనకు అర్థమయ్యేలా మేమూ చెప్పలేదు. కొన్ని నెలల తర్వాత కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయి, మాట తడబడుతూ వచ్చారు. ఇప్పుడు పిల్లలకు 'విచలనం' పాఠం చెప్పినప్పుడల్లా ఆయన్ని తలచుకోకుండా ఉండలేకపోతున్నాం.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. క్యాంపులో బి.పి. బాగా ఎక్కువ వచ్చినవారినే ఏరి, రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తే, ఏ మందూ ఇవ్వకపోయినా చాలామందికి కొంత తగ్గి కనబడుతుంది. మొదటిరోజు అనుకోకుండా ఎక్కువ వచ్చినవారు కూడా ఆ గుంపులో ఉండటమే కారణం. ఈ మధ్యలో ఎవరైనా ఒక పొడి అమ్మితే ఆ పేరంతా పొడికే పోతుంది.

పసరు మందూ, నాలుగు గళ్ల పట్టికా

పొడి మాట వచ్చింది గనుక పచ్చ కామెర్ల సంగతి. "పసరు పోయించాం, తగ్గింది" అని ప్రతి ఊళ్లోనూ చెబుతారు. వారు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే తగ్గింది. పిల్లలకు మేము కాగితం మీద నాలుగు గళ్లు గీసి ఇస్తాం. పసరు వాడి తగ్గినవారు, వాడినా తగ్గనివారు, వాడకుండానే తగ్గినవారు, వాడక తగ్గనివారు. ఊళ్లోకి వెళ్లి నింపుకురమ్మంటే అందరూ మొదటి గడి నింపుకుని వస్తారు. మిగతా మూడూ ఖాళీ!

హెపటైటిస్-ఎ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో తమంత తామే తగ్గుతాయి. కాబట్టి మూడో గడిలో చాలామంది ఉండాలి. రెండో గడి సంగతి మాకు తెలుసు. పిత్తనాళంలో రాయి అడ్డుపడినవారు, వరి పొలాల్లో ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ ఉన్నవారు, హెపటైటిస్-ఇ సోకిన గర్భిణులు పసరుతో రోజులు గడిపి, పరిస్థితి విషమించాక వస్తారు. వారిలో కొందరు ఇంటికి తిరిగి వెళ్లరు. వెళ్లనివారు ఊళ్లో ఎవరికీ కథ చెప్పరు.

ఇలా పోల్చి చూడటం మన మిషన్ ఆసుపత్రులకు కొత్త కాదు. అప్పటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం పేరు మీలో పెద్దవారు విని ఉంటారు. అక్కడి డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, వారి సహచరులు 1950లో చుట్టుపక్కల గ్రామాల్లో కొందరికి బి.సి.జి. టీకా వేసి, కొందరికి వేయకుండా ఉంచి, రెండు గుంపులనూ సంవత్సరాల తరబడి గమనించారు. టీకా వేసినవారిని మాత్రమే చూసి "బాగున్నారు" అని ఉంటే ఏమీ తెలిసేది కాదు. తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో ఇంకా పెద్ద పరిశీలన మొదలైంది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. ఆపలేకపోయిందని అక్కడ తేలింది. పసిపిల్లలకు క్షయ వల్ల వచ్చే మెదడువాపు వంటి ప్రమాదాల నుండి అది కాపాడుతుంది గనుక పుట్టిన బిడ్డకు వేయించడం మాత్రం మానకండి.

ఒక మెతుకు

"మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత" అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. "అందరికీ సూది గుచ్చారా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెడు అన్నమూ పిసకక్కర్లేదు, ఒక మెతుకు చాలు అని మన ఇళ్లలో అంటారు కదా. దానినే శాంపిల్ అంటారు. కానీ వంట చేసే ఏ తల్లినైనా అడగండి. అడుగు మాడి పైన పలుకుగా ఉన్న గిన్నెలో ఒక మెతుకు ఏమి చెబుతుంది? ఏ మెతుకైనా సమానంగా చేతికి వచ్చేలా తీయాలి. గుడివాడ బస్టాండు దగ్గర నలుగురిని అడిగి, కాలువ శివారున ఉప్పునీటితో అవస్థపడే నాగాయలంక వైపు పల్లెల సంగతి రాయకూడదు. ఆదివారం ఆరాధన తర్వాత మేము పెట్టే క్యాంపుకు వచ్చేవారిని చూసి ఊరి ఆరోగ్యం లెక్కకట్టకూడదు. మంచం మీద ఉన్నవారు క్యాంపుకు రారు, పొద్దున్నే వేటకు వెళ్లినవారూ రారు.

(ఈ శాస్త్రంలో ప్రపంచమంతా పేరెరిగిన సి.ఆర్. రావు గారు చిన్నతనంలో కొంతకాలం మన నూజివీడు, నందిగామల్లోనే చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎం.ఎ. చేసి కలకత్తా వెళ్లారు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పిల్లలకు ఈ సంగతి చెబితే కాస్త ధైర్యం వస్తుంది.)

దివిసీమలో అడిగిన ప్రశ్న

అన్నిటికంటే బరువైన పాఠం పిల్లలకు దివిసీమలో దొరికింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి మీకు మేము చెప్పనక్కర్లేదు. మీలో చాలామంది ఇళ్లలో ఆ తేదీన ఇప్పటికీ దీపం పెట్టుకుంటారు. చనిపోయినవారు సుమారు పది వేలమంది అని ప్రభుత్వ లెక్క. ఇంకా ఎక్కువని చెప్పే అంచనాలూ ఉన్నాయి. "సరైన లెక్క ఎందుకు లేదు?" అని పిల్లలు అడిగారు. మీరే తీసి చూడండి అని ఒక ఊళ్లో కొన్ని ఇళ్లకు పంపాం. పెద్దవారిని "మీ ఇంట్లో ఎంతమంది ఉండేవారు, ఎంతమంది పోయారు?" అని నెమ్మదిగా అడగాలి, చెప్పడం ఇష్టం లేకపోతే వచ్చేయాలి.

సాయంత్రం వచ్చి మొత్తం కూడి, శాతం కట్టారు. ఒక అమ్మాయి మాత్రం పెన్ను పక్కన పెట్టి కూర్చుంది. ఆమె వెళ్లిన ఇంట్లో ఒక ముసలావిడ తమవారి సంగతి చెప్పాక, "మా పక్కింటి సంగతి అడగవేమ్మా?" అన్నదట. "అక్కడికీ వెళ్తాను మామ్మగారూ" అంటే, "ఇప్పుడక్కడున్నవాళ్లు తర్వాత వచ్చినవాళ్లు. అప్పటివాళ్లు ఒక్కరూ మిగల్లేదు" అన్నదట.

మిగిలినవారిని అడిగి తీసే లెక్కలో, ఎవరూ మిగలని ఇల్లు ఎప్పటికీ రాదు. ఆ ఊళ్లో అలాంటి ఇళ్లెన్ని ఉంటే పిల్లలు కట్టిన శాతం నిజానికి అంత తక్కువ. ఇక కోతలకో, చేపల పనికో వేరే ఊరినుండి వచ్చి ఆ రాత్రి అక్కడ ఉన్నవారి పేరు ఏ ఊరి జాబితాలో వెతకాలి? 1970 నవంబరులో తూర్పు బెంగాలులో (నేటి బంగ్లాదేశ్) వచ్చిన ఉప్పెన తర్వాత డాక్టర్ సోమర్, డాక్టర్ మోస్లీ సర్వే చేయించి, మృతులు కనీసం 2,24,000 మంది అని అంచనా కట్టారు. ఆ 'కనీసం' అనే మాట ఎంత ముఖ్యమో ఆ సాయంత్రం పిల్లలకు మేము వివరించాల్సిన పని లేకపోయింది.

ఆ అమ్మాయి మర్నాడు ప్రశ్నావళి మార్చింది. "మీ ఇంటికి అటూ ఇటూ అప్పుడు ఎవరుండేవారు?" అన్న ప్రశ్న చేర్చింది. ఒకే ఇంటిని ఇద్దరు చెబితే రెండుసార్లు లెక్కపడకుండా ఊరి పటం గీసి గుర్తులు పెట్టింది. ఏ పుస్తకమూ చూడకుండా ఆమె చేసిన ఈ పని మంచి పరిశోధకులు చేసేదే. దివిసీమ పైనే పీటర్ వించెస్టర్ అనే ఆయన ఉప్పెన తర్వాత ఏళ్ల తరబడి పరిశీలన చేసి, 1992లో ఒక పుస్తకం వెలువరించారు. సముద్రానికి దగ్గరగా ఉండటం ఒక్కటే కాదు, భూమి, అప్పు, పని ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టి కూడా ఎవరు ఎక్కువ దెబ్బతిన్నారు, ఎవరు తేరుకున్నారు అన్నది ఉంటుందని ఆయన చూపించారు. అంకమధ్యమానికి భయపడిన పిల్లలు ఆ పుస్తకంలోని విషయం గురించి మాతో గంటసేపు వాదించారు.

ఇంట్లో చేయవలసిన అభ్యాసం

బి.పి. ఉన్నవారు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. వచ్చే సంచిక చేతికి వచ్చేలోగా ఒక వారం రోజులు ఉదయం, సాయంత్రం బి.పి. చూసి రాయండి. ఇంట్లో మిషను లేనివారు దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనో, మన దగ్గరో వీలైనన్ని రోజులు చూపించుకోండి. చూసే ముందు అరగంట టీ, కాఫీ, పొగాకు వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. నచ్చని అంకె వచ్చిందని కొట్టివేయకండి. ఆ రోజు మాత్ర వేసుకున్నారో లేదో పక్కనే గుర్తు పెట్టండి. ఇంట్లో చూసిన పై అంకెల సగటు 135 గానీ, కింది అంకెల సగటు 85 గానీ దాటితే డాక్టరుకు చూపించండి. తక్కువగా ఉన్నా అడగకుండా మాత్రలు మానవద్దు. సగటు కట్టడం రాకపోతే పుస్తకం అలాగే తీసుకురండి. ఓ.పి. చీటీలిచ్చే గది పక్క బల్ల దగ్గర మన విద్యార్థినులు ఉంటారు, మీ ఎదుటే కట్టి చూపిస్తారు.