లక్కమ్మ కొలత – పదవీ విరమణమునకు ముందొక పాఠము



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల మన కుటుంబములలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కార్యాలయ గుమాస్తాలు పలువురు కలరు. యాబదియేండ్లు దాటిన పిమ్మట వారిలో కొందరికి ఒక తలంపు పుట్టుచున్నది: "పిల్లలు ఒక దరికి చేరిరి. ఇంక ఎన్నాళ్ళీ పరుగు? వయసు నిండక మునుపే ఉద్యోగము మాని, ఉన్నదానితో నిరాడంబరముగ బ్రదుకరాదా?" ఈ తలంపునకు బసవమార్గమున చోటు కలదా? కాయకమును అంత గొప్పగ చెప్పిన ధర్మమున పని మానుట దోషము కాదా? నేటి పాఠమున ఈ ప్రశ్నను విచారింతము.

1. కాయకము వేరు, జీతము వేరు

కాయమనగా శరీరము. శరీరమును వంచి, సత్యశుద్ధమైన మనస్సుతో చేయు శ్రమ కాయకము. ఆ శ్రమఫలమును గురు లింగ జంగమములకును, ఆకలిగొన్నవారికిని సమర్పించి, మిగిలినదానిని ప్రసాదముగ స్వీకరించుట దాసోహము. ఈ రెండును ఒక బండికి రెండు చక్రములు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున కూడిన శరణుల పేర్లలోనే వారి కాయకములు నిలిచియున్నవి. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. వీరిలో ఎవరికిని విరమణ వయసనునది లేదు, నెలజీతమును లేదు.

జీతము మనకు ఒకరు ఇచ్చునది. కాయకము మనము లోకమునకు ఇచ్చునది. ఉద్యోగములోనున్నంతకాలము ఈ రెండును కలిసి నడచును గనుక, రెండును ఒక్కటే అని భ్రమపడుదుము. బడి విడిచిన ఉపాధ్యాయునకు జీతము ఆగును. చదువు చెప్పగల శక్తి ఆగదు. కావున ముందుగ విరమించుట దోషము కాదు. విరమించిన పిమ్మట సోమరియై అరుగుపై కూర్చుండుటయే దోషము.

2. ప్రభుత్వపు గీత, మన గీత

ఎప్పుడు విరమింపవలెను? దీనిని ప్రభుత్వమే నిర్ణయించునని పెక్కుమంది యెంతురు. కాని ఆ గీత ఒకచోట నిలిచినది కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఉద్యోగుల విరమణ వయసును 1983లో 58 నుండి 55కు తగ్గించిరి. అనతికాలముననే మరల 58 చేసిరి. 2014లో 60కిని, 2022లో 62కును పెంచిరి. ఒక గీతకొరకు ఎదురుచూచినవాని యెదుట మరియొక గీత నిలిచినది.

1980 నాటి రాష్ట్ర పింఛను నియమములను అనుసరించి ఇరువదియేండ్ల అర్హసేవ పూర్తియైన ఉద్యోగి మూడు నెలల ముందు నోటీసునిచ్చి స్వచ్ఛందముగ విరమింపవచ్చును. కావున ద్వారము తెరచియే యున్నది. ఆ ద్వారమున వెలికిపోవుటకు మన యిల్లు సిద్ధముగ నున్నదా అనునదే ప్రశ్న. దానికి కొలత శరణుల జీవితములలో దొరకును.

3. లక్కమ్మ కొలత

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు తుంగభద్రకు ఆవల, నేటి రాయచూరు జిల్లాలోని లింగసుగూరు ప్రాంతమువారు. ఆదోనినుండి చూడ పొరుగుసీమవారే. కన్నడమున అక్కి యనగా బియ్యము. ఏరిన బియ్యముతో బ్రదికినవాడు గనుక ఆయ్దక్కి మారయ్య యయ్యెను. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆ గింజలతోనే దంపతులు దాసోహము నడపిరి.

ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. మనకు అక్కరలేని ఈ అధికము ఆశవలన వచ్చినదనియు, దానిని తెచ్చినచోటనే పోసి రమ్మనియు భర్తను మరలించెను. మారయ్య మరలిపోయి పోసివచ్చెను.

ఈ కథలో మూడు విషయములను గమనింపవలెను. మొదటిది: ఆ బియ్యము దొంగసొత్తు కాదు. న్యాయముగ ఏరినదే. ఐనను ఎక్కువ ఎక్కువయే. రెండవది: లక్కమ్మకు తన యింటి కొలత ముందే తెలియును. కొలత తెలియనివారికి ఎక్కువయు తెలియదు, చాలుననుటయు తెలియదు. మూడవది: ఆ మాట పలికినది భార్య. గృహస్థుని విరక్తి ఒంటరి నిర్ణయము కాదు; దంపతులిద్దరి వ్రతము.

4. మోళిగె మారయ్య త్యాగము

పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున స్మరించిన శరణులలో మోళిగె మారయ్య యొకడు. ఆయన కాశ్మీరరాజనియు, రాజ్యము విడిచి భార్యతో కల్యాణమునకు వచ్చి కట్టెలమోపులు అమ్మి జీవించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. వారి పేదరికమును చూచి బసవేశ్వరుడు రహస్యముగ ఇంట ధనమునుంచగా, ఆ దంపతులు దానిని తాకక జంగములకు పంచిరని కథ.

రాజు సింహాసనము దిగెను గాని ఊరక కూర్చుండలేదు. గొడ్డలి పట్టి అడవికి పోయెను. ముందుగ విరమింప గోరువారికి ఇంతకుమించిన పాఠము లేదు. పెద్ద పదవినుండి చిన్న కాయకమునకు దిగునప్పుడు సిగ్గుపడని మనస్సే ఆయన సంపాదించిన ఆస్తి.

5. ఇంటి లెక్క

కథ విని కన్నులొత్తుకొనుట చాలదు. కాగితము తీసి లెక్క వ్రాయవలెను.

ఉదాహరణకు, నెలకు 30,000 రూపాయల ఖర్చుగల యొక ఇల్లు నిరాడంబరతచే 24,000తో గడపగలిగెననుకొందము. నెలకు 6,000, ఏటికి 72,000 మిగులును. ఇది ఒక లాభము. విరమించిన పిమ్మట కావలసిన మొత్తము సైతము 30,000 కాక 24,000 మాత్రమే. ఇది రెండవ లాభము. తగ్గించిన ప్రతి రూపాయయు ఇట్లు రెండు విధముల విరామమును దగ్గరకు తెచ్చును.

ఐతే ధరలు నిలిచియుండవు. ఏటికి 6 శాతము చొప్పున పెరిగినచో పండ్రెండేండ్లలో ఖర్చు రెట్టింపగును. 55వ యేట 24,000తో గడచిన ఇంటికి 67వ యేట 48,000 కావలెను. పాత పింఛనుగలవారికి కరువు భత్యము కొంత ఆదుకొనును. బ్యాంకు వడ్డీపైననే ఆధారపడినవారికి ఆ ఆసరా లేదు. పాత విధానమున సైతము 33 సంవత్సరముల అర్హసేవకుగాని పూర్తి పింఛను రాదు. సేవ తగ్గినకొలది పింఛను తగ్గును. 2004 సెప్టెంబరు 1 నుండి ఉద్యోగమున చేరినవారు భాగస్వామ్య పింఛను క్రిందివారు గనుక వారి లెక్క వేరు. వారు మరింత జాగ్రత్త వహింపవలెను. కమ్యూటేషను సొమ్ము చేతికి వచ్చినప్పుడు అది వరమువలె తోచును. కాని అది ముందుగ తీసికొన్న మన పింఛనే. దానిని పెండ్లి పందిరికో మేడపై మేడకో వెచ్చించినవారు చిరకాలము తగ్గిన పింఛనుతో గడపవలసియుండును.

ఏమి తగ్గింపవలెను? మన సీమలో సాదాజీవితమును క్రొత్తగ నేర్వనక్కరలేదు. జొన్నరొట్టె, పుండికూర, చెనిక్కాయల పొడి, కొర్రన్నము మన తాతలు తిని బలముగ బ్రదికిన ఆహారములే. తగ్గవలసినది అన్నము కాదు, అప్పు. బంగారము కుదువపెట్టి చేయు పెండ్లిండ్లు, పొరుగువారికొరకు కట్టు అంతస్తులు, వాయిదాలపై కొను వాహనములు తగ్గవలెను. వైద్యమునకు, ఇష్టలింగపూజకు, అతిథికి పెట్టు పిడికెడన్నమునకు మాత్రము కోత పెట్టరాదు. పొదుపు పేర దాసోహమును మానినచో అది నిరాడంబరత కాదు, లోభము.

విరమింపదలచినవారు రెండేండ్లు ముందుగనే రాబోవు పింఛను మొత్తముతో మాత్రమే ఇల్లు గడిపి చూడవలెను. మిగిలిన జీతమును ముట్టరాదు. దానితో మొదట అప్పులు తీర్చవలెను. ఈ రెండేండ్లు ఇంటిల్లిపాది సంతోషముగ గడపగలిగినచో కొలత కుదిరినట్లే. గొణుగుడు వినబడినచో ఇంకను సమయము రాలేదని తెలిసికొనవలెను.

మరియొక మాట. వంటింటికి పదవీ విరమణము లేదు. భర్త ఇంటనుండి గంటకొకసారి కాఫీ అడుగుచు, వార్తాపత్రిక చదువుచు గడపినచో ఆయన విరామము భార్యకు అదనపు చాకిరి యగును. కుళాయినీరు పట్టుట, కూరగాయలు తరుగుట, ముసలితల్లికి మందులిచ్చుట సైతము కాయకములే. శరణునకు ఇందు చిన్నతనము లేదు.

6. విరామము లేనివారు

ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అచట నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. ఆ సంఘపు దుప్పట్లు దూరదేశములవరకు ఊరిపేరు మోసికొనిపోయినవి. నేతగానికి విరామము కోరి తెచ్చుకొనునది కాదు. చూపు మందగించి, పోగు కనబడనినాడు మగ్గమే ఆయనను విరమింపజేయును. ఈ రాష్ట్రమున చేనేతవారికి 50 ఏండ్లకే పింఛను అర్హత నిచ్చుటకు కారణమిదియే. 2024 జూలైనుండి అది నెలకు 4,000 రూపాయలు. ఆదోని పత్తివిపణిలో బోరెములు మోయు హమాలీకి నడుము వంగినదే విరమణ ఉత్తరువు.

వర్షాధారపు పల్లెలలో పంట చేతికి రానియేడు కుటుంబములు గుంటూరు ప్రాంతపు మిరపచేలకు, పత్తిచేలకు కూలికి తరలిపోవును. దీనిని మనవారు సుగ్గికి పోవుట యందురు. తల్లిదండ్రులవెంట పిల్లలును పోవుదురు. వారు తిరిగి వచ్చుసరికి పాఠములు దాటిపోయి, కొందరు మరల బడిమెట్టు ఎక్కరు.

నెలకు పింఛను వచ్చు మనము "చాలు" అనగలుగుచున్నామన్నచో అది మన వైరాగ్యబలము మాత్రమే కాదు, మనకు దొరికిన భద్రత కూడ. ఆ భద్రతకు మనము బదులీయవలసినది కలదు. ముందుగ విరమించినవాని చేతిలో ధనము తక్కువగును, కాలము ఎక్కువగును. లక్కమ్మ అధికమైన బియ్యమును మరలించినట్లు, మనము ఈ అధికమైన కాలమును సమాజమునకు మరలింపవలెను. సుగ్గినుండి వచ్చిన పదిమంది పిల్లలకు సాయంకాలము మఠపు మండపమున రుసుము లేక చదువు చెప్పిన ఉపాధ్యాయుడు, చేనేత వృద్ధునకు పింఛను కాగితములు వ్రాసిపెట్టిన గుమాస్తా, పొదుపు సంఘపు స్త్రీలకు లెక్కలు చూచిపెట్టిన బ్యాంకు ఉద్యోగి – వీరు విరమించినవారు కారు. జీతములేని కాయకమునకు మారినవారు.

మన మఠములు ఇందుకు పూనుకొనదగును. ప్రతి మఠమును తన పరిధిలోని విశ్రాంత ఉద్యోగుల పట్టిక వ్రాయించి, ఎవరికి ఏ పని వచ్చునో తెలిసికొని, వారమునకు రెండు పూటలైనను వారికి కాయకము నప్పగించినచో ఊరికిని మేలు, వారికిని ఆరోగ్యము.

మననమునకు ప్రశ్నలు

1. మన యింటి నెల కొలత యెంత? దానిని దంపతులిద్దరును కలిసి వ్రాసితిరా?
2. మన ఖర్చులలో అవసరమువలన వచ్చినవెన్ని? పొరుగువారిని చూచి వచ్చినవెన్ని?
3. జీతము ఆగిన మరునాటి ఉదయము ఇష్టలింగపూజ ముగిసిన పిమ్మట మనము చేయు కాయకమేది?
4. మన వీధిలో విరామము దొరకని వృద్ధులెవరు? వారికి మన కాలమునుండి ఎంత పంచగలము?

ఈ నాలుగింటికి ఇంటిల్లిపాదియు కూర్చుండి సమాధానము వ్రాసికొనిన పిమ్మటనే విరమణ పత్రముపై సంతకము చేయుట మేలు.