ఆంగ్లేయులు తెలుగు నేర్చిన విధము

విద్యార్థుల తల్లిదండ్రులు పాఠశాలకు వచ్చినప్పుడు మాతో తఱచుగా ఒక మాట చెప్పుచుందురు: "మాకు తెలుగు మాట్లాడేకి వస్తుంది గాని చదివేకి రాదయ్యా. ఇంత వయసులో ఇంకేం నేర్చుకుంటాము?" బాగలూరువంటి యూరిలో ఈ మాట వినబడుట సహజమే. ఇంటిలో తెలుగు, మాలూరు త్రోవను పోయినచో కన్నడము, కచేరీలో తమిళము, హోసూరు కర్మాగారములలో ఆంగ్లము: ఇట్లు నాలుగు భాషల నడుమ మన బ్రతుకు సాగుచున్నది. వీనిలో ఏదో యొకటి చెవికి వచ్చి చేతికి రాక నిలిచిపోవుట మనలో అనేకుల యనుభవము. కావున పెద్దవయసున భాష అబ్బునా, అబ్బినచో ఎట్లబ్బును అను ప్రశ్నను ఈ పాఠమునందు విచారింపదలచితిమి.

దీనికి సమాధానము మన భాషాచరిత్రలోనే యున్నది. రెండు వందల యేండ్ల క్రిందట తెలుగు అక్షర మొకటియైనను ఎఱుగని ఆంగ్లేయ యువకులు సముద్రము దాటి వచ్చి, మన భాషను నేర్చి, అందు వ్యాకరణములు, నిఘంటువులు వ్రాయగలిగిరి. వారు పడిన కష్టమును, ఆ కష్టమును దాటిన మార్గమును తెలిసికొన్నచో మనకును ధైర్యము కలుగును.

చెన్నపురి కళాశాల

1792వ సంవత్సరమున శ్రీరంగపట్టణపు సంధిచే కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతములతో కూడిన బారామహలు టిప్పు సుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చెను. అలెగ్జాండరు రీడు క్రింద థామస్ మన్రో 1799 వఱకు ఇచ్చట భూమిశిస్తు పనులు చూచెను. పొలము గట్టున నిలిచి రైతుతో మాటాడవలసిన పని యది. రైతు చెప్పినదానిని దుబాసీ నోట విను అధికారి సగమే వినును. ఆ సగమైనను దుబాసీకి ఇష్టమైన సగము. దేశభాష రానిదే పరిపాలన సాగదని కంపెనీవారికి క్రమముగా తెలిసివచ్చెను.

1812లో మదరాసున ఫోర్టు సెంట్ జార్జి కళాశాల ఏర్పడెను. ఇంగ్లండునుండి క్రొత్తగా వచ్చిన ఉద్యోగులు అచ్చట పండితులయొద్ద దేశభాషలు చదివి, పరీక్షలో తేరిన పిమ్మటనే జిల్లాలకు పోవలెను. అంతకుముందు పండితుడు శిష్యుని యెదుట కూర్చుండి బోధించు నిమిత్తము అచ్చుపుస్తకములు లేవనియే చెప్పవచ్చును. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణమును, 1816లో ఎ. డి. కాంబెల్ తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వెలువడినవి. కాంబెల్ గ్రంథమునకు ఫ్రాన్సిస్ ఎల్లిస్ వ్రాసిన ఉపోద్ఘాతము మిక్కిలి ముఖ్యమైనది. తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, ఇవి ఒకే కుటుంబమునకు చెందిన తోబుట్టువులనియు ఎల్లిస్ అందు నిరూపించెను. ఈ సంగతి మనకు ముందు మిక్కిలి ఉపయోగపడును.

బ్రౌను దొర చదువు

ఆ కళాశాల విద్యార్థులలో మనకు చిరస్మరణీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఇతడు 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి మరణానంతరము ఇంగ్లండు చేరి, అచ్చట చదివి, 1817 ఆగస్టులో మదరాసున దిగెను. అప్పటికి వయస్సు 18 సంవత్సరములు. వెలగపూడి కోదండరామ పంతులు ఇతనికి తెలుగు నేర్పిరి. 1820లో పరీక్ష నెగ్గి కడపకు ఉద్యోగమునకు పోయెను. అచ్చటి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళముగా మాటాడువాడు. పైయధికారి భాషను ప్రేమించువాడైనచో క్రిందివానికి అదియే మంచి పాఠశాల కదా!

పరీక్ష నెగ్గినంతనే బ్రౌను పుస్తకము మూయలేదు. వేమన పద్యములను సేకరించి, అర్థము చేసికొని, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చొత్తించెను. వేమన పద్యము చిన్నది; జనుల పలుకుబడికి దగ్గఱది. పరదేశీయుడు తెలుగు సాహిత్యములో అడుగిడుటకు అంతకన్న మంచి వాకిలి లేదు. పిమ్మట కడపలోని తన బంగళాలో జూలూరి అప్పయ్య మున్నగు పండితులకు సొంతసొమ్ముతో జీతములిచ్చి, తాళపత్రములను తెప్పించి, పాఠములు సరిచూపించెను. 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. మదరాసున దిగిన నాటినుండి నిఘంటువు వెలువడు నాటికి 35 సంవత్సరములు! 1855లో స్వదేశమునకు పోయిన పిమ్మట లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడాయెను. ఒకనాడు పంతులుగారి యెదుట అక్షరములు దిద్దినవాడు కడకు గురుపీఠ మెక్కెను.

వారికి కష్టమైన వెవ్వి?

మొదటి కష్టము చెవికి. ఆంగ్లమునందలి 'ట' మన తకారమునకును టకారమునకును నడుమ పలుకబడును. కావున క్రొత్తగా నేర్చు ఆంగ్లేయునికి ఆ రెండును ఒక్కటిగానే వినబడును. "నా మాట వినుము" అనదలచి "నా మాత వినుము" అనును. గదికిని గాదికిని, కలకును కళకును, గుడికిని గుడ్డికిని భేదము అతడు శ్రమపడి తెలిసికొనవలెను. పసిపిల్లలు ఈ భేదములను ఉగ్గుపాలతో గ్రహింతురు. పెద్దవారి చెవి తమ భాషకు అలవాటుపడిపోయి యుండును. దానిని మఱల మలచుట కష్టమేగాని అసాధ్యము కాదు.

రెండవది వాక్యక్రమము. ఆంగ్లేయుడు "రైతు చూచెను చెఱువుకట్టను" అను వరుసలో ఆలోచించును. మనము "రైతు చెఱువుకట్టను చూచెను" అందుము. క్రియ కడపటికి వచ్చు వఱకు వేచియుండుట అతడు క్రొత్తగా అలవఱచుకొనవలెను. "నాకు ఆకలి యగుచున్నది", "నాకు తెలుగు వచ్చును" అనువానిని అతని భాషలో "నేను" అని యారంభింపవలసియుండును.

మూడవది మర్యాద. ఆంగ్లమున 'నీవు', 'మీరు' అను భేదము లేదు. ఇరువదేండ్ల దొర వృద్ధుడైన కరణమును "నీవు" అని పిలిచినచో వ్యాకరణమున తప్పులేదు, సభలో తప్పు. అట్లే 'మేము', 'మనము' అను రెండింటికిని ఆంగ్లమున ఒక్కటే మాట. "మేము భోజనమునకు పోవుచున్నాము" అని యన్నచో విన్నవాడు ఇంటికి మరలును. "మనము" అన్నచో చేతులు కడుగుకొనును. తమిళమున 'నాంగళ్', 'నామ్' అని ఈ భేదము నిలిచియున్నది. నేటి కన్నడమున రెండింటికిని 'నావు' ఒక్కటియే.

నాలుగవది అన్నిటికన్న చిక్కైనది: పుస్తకపు తెలుగు వేఱు, నోటి తెలుగు వేఱు. పండితుడు కావ్యభాష నేర్పును. కచేరీలో అర్జీదారు తన యూరి యాసలో మాటాడును. ఒకటే నేర్చినవాడు రెండవదానియెదుట మూగవాడగును. బ్రౌను దీనిని గుర్తించి తన నిఘంటువులో వాడుకమాటలకును చోటిచ్చెను. కచేరీలలో నడయాడు అన్యదేశ్యపదములకు వేఱుగ నిఘంటువును కూర్చెను.

చీనాభాషతో పోలిక

ఆంగ్లేయులకు తెలుగు కన్నను కఠినమైన భాషలు కలవు. చీనా దేశపు రాజభాషయగు మాండరిన్ అట్టిది. అందు స్వరము మాఱినచో అర్థము మాఱును. 'మా' అను అక్షరమును సమముగా పలికిన తల్లి. స్వర మెత్తుచు పలికిన జనుపజాతి మొక్క. దించి యెత్తిన గుఱ్ఱము. వడిగా దించిన తిట్టుట. ఇక లిపియో! మనకు 56 వర్ణములు చాలును. వార్తాపత్రిక చదువుటకు చీనాలో సుమారు 3,000 గుర్తులు తెలియవలెను.

రాబర్టు మారిసన్ అను ఆంగ్లేయుడు 1807లో 25 ఏండ్ల వయస్సున కాంటన్ రేవు చేరెను. ఆ కాలమున విదేశీయులకు చీనాభాష నేర్పుట అచ్చటి ప్రభుత్వముచే నిషిద్ధము. నేర్పిన గురువునకు శిక్ష. అయినను మారిసన్ గురువులను సంపాదించుకొని చదివి, 1815 మొదలు 1823 వఱకు భాగములుగా చీనా–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. మనదేశమున బ్రౌను ఎట్లో అచ్చట మారిసన్ అట్లు.

నేడు అమెరికా ప్రభుత్వము తన రాయబార ఉద్యోగులకు భాషలు నేర్పుచున్నది. పెద్దవారైన ఆంగ్లభాషీయులకు మాండరిన్ వచ్చుటకు సుమారు 2,200 గంటల తరగతి చదువును, తెలుగునకు, తమిళమునకు సుమారు 1,100 గంటలును వలయునని వారి లెక్క. ఈ లెక్కలో వయస్సును గుఱించిన మాట లేదు. గంటలను గుఱించిన మాటయే కలదు. భాష కాలమును కోరును, బాల్యమునే కోరదు.

మనకు వర్తించునది

ఇప్పుడు మన యూరికి వత్తము. 2006వ సంవత్సరపు చట్టముచే ఈ రాష్ట్రమున 2006–07లో మొదటి తరగతితో నారంభమై ఏటేట ఒక్కొక్క తరగతికి తమిళము నిర్బంధపాఠమైనది. అల్పసంఖ్యాక భాషలవారు పదవ తరగతి పరీక్షలో మినహాయింపునకై న్యాయస్థానముల కెక్కవలసి వచ్చెను. ఆ వివాదము పెద్దలు తీర్చుకొందురు. దానివలన మన యిండ్లలో రెండు భయములు మాత్రము పుట్టినవి. తమిళము మన పిల్లలకు రాదేమో యనునది మొదటిది. తమిళము వచ్చిన తెలుగు పోవునేమో యనునది రెండవది.

మొదటి భయమునకు ఎల్లిస్ 1816లోనే మందు చెప్పెను. బ్రౌనునకు తెలుగునందు ప్రతిమాటయు క్రొత్తదే. మన పిల్లలకు తమిళము క్రొత్త కాదు, చుట్టము. మన ఊరు తమిళమున 'ఊర్', కన్నడమున 'ఊరు'. మన నీరు అచ్చట 'నీర్', ఇచ్చట 'నీరు'. మన పులి తమిళులకును పులియే; కన్నడమున 'హులి'. పాలు తమిళమున 'పాల్', కన్నడమున 'హాలు'. పాము 'పాంబు', 'హావు'. తెలుగున, తమిళమున మొదట పకారమున్నచోట కన్నడమున హకార మగుట చూచితిరా? అట్లే మన చేయి వారికి 'కై'. మన చెవి, చెఱువు కన్నడమున 'కివి', 'కెఱె'. ఇట్టి సూత్రములను పట్టుకొన్నచో ఒక మాటతో పది మాటలు వచ్చును. ఆంగ్లేయునికి 1,100 గంటలు పట్టునది మన పిల్లలకు అంత పట్టదు.

రెండవ భయమునకు మందు పాఠశాలలో లేదు, ఇంటిలో నున్నది. బిడ్డ తెలుగు వాచకము తెఱచినప్పుడు ప్రక్కన కూర్చుండి వినువారు లేకున్నచో తెలుగు వానికి పరీక్షపాఠము మాత్రమే యగును. అవ్వ నోట కథ విన్నదియు, వాచకమున చదివినదియు ఒకే భాషయని వానికి తోచదు. కావున తల్లులారా, తండ్రులారా, మీరు చదువ నేర్చుకొనవలెనని మా ప్రార్థన.

ఇది అలవికాని పని యని యనుకొనవలదు. బ్రౌను లిపిని, పలుకును, అర్థమును, మర్యాదను అన్నిటిని నేర్వవలసి వచ్చెను. మీకు పలుకు, అర్థము, మర్యాద పుట్టుకతోనే వచ్చినవి. మిగిలినది లిపి యొక్కటియే. దినమునకు రెండు వర్ణముల చొప్పున దిద్దినచో 28 దినములలో వర్ణమాల ముగియును. పిమ్మట గుణింతములు, ఒత్తులు. మీ బిడ్డయే మీకు గురువు కావచ్చును. అందు చిన్నతనమేమియు లేదు. నేర్పుటచే బిడ్డ చదువును గట్టిపడును.

ఆంగ్లేయుల కథనుండి మనము గ్రహింపవలసినవి మూడు: చెవిని శ్రద్ధగా తెఱచియుంచుట, తప్పును దిద్దు గురువు చెంత వినయముతో నుండుట, నేర్చినదానిని ఆనాడే వాడుట. వీనిలో వయస్సున కేమి పని?

అభ్యాసము

1. మీ యింటిలో వాడు పది తెలుగు మాటలు వ్రాసి, వానికి సరియైన తమిళ, కన్నడ పదములను ఇరుగుపొరుగువారి నడిగి వ్రాయుడు. ఏ యక్షరము ఏ యక్షరముగా మాఱినదో గుర్తింపుడు.

2. 'మేము', 'మనము' అను పదములతో ఐదేసి వాక్యములు వ్రాసి, ఒకదానికి బదులు రెండవది వాడినచో అర్థమెట్లు మాఱునో చెప్పుడు.

3. అవ్వ గాని తాత గాని చెప్పిన ఒక కథను వారి నోటిమాటలలోనే వ్రాసికొని, పిమ్మట పుస్తకభాషలో తిరిగి వ్రాయుడు. రెండింటిని ఇంటిలో బిగ్గఱగా చదివి వినిపింపుడు.

4. చదువురాని పెద్దవారు మీ యింటిలో నున్నచో, నేటి రాత్రియే వారిచే మొదటి రెండక్షరములు దిద్దింపుడు.